ఊళ్లోనే పుట్టిన నాయకులు

2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల హద్దులు మారాయి. అంతవరకు ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడు, గుంటూరు జిల్లాలో ఉన్న చుండూరు రెండూ కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. నలభై ఏళ్లు దాటిన తెలుగువాళ్లకు ఈ రెండు ఊళ్ల పేర్లు తెలియకపోవడం అరుదు. ఎలా తెలుసు అని అడిగితే మాత్రం దాదాపు అందరూ ఒకటే చెబుతారు. అక్కడ దళితులను చంపారు అంటారు. నిజమే. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. కానీ చంపినవాళ్లు చేసిన పనే మనకు గుర్తుండిపోయింది. ఆ మర్నాటి నుంచి ఆ ఊళ్ల మనుషులు ఏళ్ల తరబడి చేసిన పని గుర్తులేదు. ఈరోజు నేను మాట్లాడబోయేది ఆ రెండో సంగతి.

పౌరహక్కుల నాయకులంటే మన కళ్లముందు మెదిలేది పట్నంలో సభలు పెట్టి, పత్రికల్లో రాసి, కోర్టుల్లో వాదించినవాళ్లు. వాళ్లు గొప్పవాళ్లే. వాళ్ల సంగతీ చెబుతాను. అయితే ఈ కథలో మొదటి అడుగు వేసినవాళ్లు వాళ్లు కాదు. ఆ అడుగు వేసింది నీళ్లకొచ్చిన ఒక మనిషి.

కారంచేడు చీరాలకు కొద్ది మైళ్ల దూరంలోని పెద్ద ఊరు. భూములు, డబ్బు, రాజకీయ పలుకుబడి అన్నీ ఉన్న ఊరు. ఆ ఊరి మాదిగపల్లెకు మంచినీళ్ల చెరువు ఒకటుంది. 1985 జులై 16 సాయంత్రం, భూములున్న కుటుంబాల యువకులు గేదెల కుడితి బకెట్లు ఆ చెరువు దగ్గర కడుగుతున్నారు. ఆ మురికి నీళ్లు పోయి తాగే నీళ్లలో కలుస్తున్నాయి. పల్లె కుర్రాడొకడు, అవిటివాడు, ఇదేం పని అని అడిగాడు. అడిగినందుకు వాడిని కొట్టారు. అప్పుడే మున్నంగి సువార్త అనే ఆమె బిందె తీసుకుని నీళ్లకు వచ్చింది. కుర్రాడిని ఎందుకు కొడుతున్నారని అడిగింది. ఆమె మీదికీ చెయ్యెత్తారు. దెబ్బ కాచుకోవడానికి ఆమె చేతిలోని బిందె పైకెత్తింది.

జరిగింది అంతే. ఆ పల్లెవాళ్ల చేతిలో పైకి లేచింది ఒక్క బిందె, అదీ దెబ్బ తప్పించుకోవడానికి. ఊరి పెద్దమనుషులకు అది మాత్రం తిరుగుబాటుగా కనిపించింది. కూలికొచ్చే ఇంటి ఆడది ఎదురు నిలిచిందన్న మాట రాత్రికి రాత్రి ఊరంతా పాకింది. తెల్లవారాక వందల మంది కర్రలతో, గొడ్డళ్లతో, బరిసెలతో పల్లె మీద పడ్డారు. పారిపోతున్నవాళ్లను పొలాల్లోకి తరిమి నరికారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు జరిగాయి. తేళ్ల మోషే, తేళ్ల ముత్తయ్య, తేళ్ల యెహోషువ, దుడ్డు మోషే, దుడ్డు వందనం, దుడ్డు రమేష్. ఆ ఆరుగురి పేర్లూ రేడియోలో ఒకసారి వినపడాలని పనిగట్టుకుని చదివాను.

బతికినవాళ్లు చీరాల దారి పట్టారు. ఆ తర్వాత వాళ్లు తీసుకున్న నిర్ణయం దగ్గర కాసేపు ఆగుదాం. మనం ఎక్కువగా గౌరవించాల్సింది, తక్కువగా చెప్పుకున్నదీ అదే. వాళ్లు తిరిగి ఊరికి వెళ్లం అన్నారు.

ఆ మాట అనడం ఆ మనుషులకు ఎంత కష్టమో ఊహించండి. కూలి ఆ ఊళ్లో. గుడిసె ఆ ఊళ్లో. అప్పు పుట్టేదీ, తీర్చాల్సిందీ ఆ ఊళ్లోనే. తాతలను పాతిపెట్టిన నేల ఆ ఊళ్లో. ఊరు వదిలితే మర్నాటి అన్నం ఎక్కడిదో తెలియదు. ఇలాంటి ఘోరం జరిగినప్పుడు మామూలుగా అయ్యేదేమిటంటే, కొన్నాళ్లకు పోలీసులు పికెట్ పెడతారు, అధికారులొచ్చి నచ్చజెబుతారు, కాస్త పరిహారం ఇస్తారు. బాధితులు తలవంచుకుని తిరిగి వెళ్లి, తమవాళ్లను చంపినవాళ్ల పొలంలోనే మళ్లీ కూలికి దిగుతారు. శాంతి నెలకొంది అని కాగితం మీద రాసుకుంటారు. కారంచేడు మనుషులు ఆ శాంతి మాకొద్దన్నారు. చీరాలలో శిబిరం వేసుకుని నెలల తరబడి కూర్చున్నారు. మా ఇళ్లు ఇక్కడే కట్టించండి, మాకు బతుకుదెరువు ఇక్కడే చూపించండి, నేరస్థులను పట్టుకోండి అని పట్టుబట్టారు. చివరికి చీరాలలోనే వాళ్లకు విజయనగర్ కాలనీ ఏర్పడింది. ఆ కాలనీ ప్రభుత్వం దయతలచి ఇచ్చింది కాదు. చదువు లేని, భూమి లేని మనుషులు మొండికేసి సాధించుకున్నది.

ఇక్కడ చీరాల గురించే మరో సంగతి చెప్పాలి. చీరాల-పేరాలను మునిసిపాలిటీ చేసి పన్నుల భారం వేసినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో జనం ఊరే ఖాళీ చేశారు. హద్దుల అవతల రామనగర్ అని పాకలు వేసుకుని ఇంచుమించు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. ఆ ఉద్యమాన్ని మన పిల్లలు పాఠ్యపుస్తకాల్లో చదువుతారు. చదవాలి కూడా. అరవై నాలుగేళ్ల తర్వాత అదే చీరాలకు, పక్క ఊరు విడిచి వచ్చిన మరికొందరు అన్యాయాన్ని ఒప్పుకోం అంటూ పాకల్లో కూర్చున్నారు. రెండు చోట్లా జనం పట్టిన ఆయుధం ఒకటే. ఊరు విడిచిపెట్టడం. ఒకటి పాఠమైంది, రెండోది కాలేదు. ఈ రెండింటినీ ఒకే పేజీలో చదివే రోజు రావాలని నా కోరిక. దుగ్గిరాల వారి పేరుకు దానివల్ల ఏ లోటూ రాదు. పైగా ఆ నేల గుణం పిల్లలకు ఇంకా బాగా తెలుస్తుంది.

ఆ శిబిరమే పెద్ద ఉద్యమానికి బడి అయింది. పొన్నూరు కాలేజీలో సంస్కృతం చెప్పే కత్తి పద్మారావు గారు వచ్చారు. న్యాయవాది బొజ్జా తారకం గారు వచ్చారు. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. తారకం గారు అధ్యక్షులు, పద్మారావు గారు ప్రధాన కార్యదర్శి. తారకం గారిది కోనసీమలోని కందికుప్ప. నాన్నగారు బొజ్జా అప్పలస్వామి గారు షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున 1952లో శాసనసభకు ఎన్నికైన మనిషి. తారకం గారు నిజామాబాద్‌లో వకీలుగా పనిచేస్తూ పల్లెల్లో అంబేద్కర్ యువజన సంఘాలు పెట్టించారు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లారు. కారంచేడు జరిగినప్పుడు ఆయన హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ పదవి వదులుకుని బాధితుల పక్షాన నిలబడ్డారు.

తారకం గారి పుస్తకాల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఆయన కవిత్వం కాదు, 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే చిన్న పుస్తకం. అరెస్టు చేసినప్పుడు నీ హక్కులేమిటో, పోలీసులు ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యకూడదో పల్లెటూరి మనిషికి అర్థమయ్యే తెలుగులో రాసిన పుస్తకం. వకీలు దగ్గరికి వెళ్లేదాకా ఆగకుండా, ఊళ్లో ఒక్క చదువుకున్న కుర్రాడుంటే చాలు, ఆ పుస్తకం చదివి పదిమందికి చెప్పగలడు. నాయకత్వాన్ని తన దగ్గర దాచుకోకుండా పంచిపెట్టడం అంటే అదే. ఆయన 2016 సెప్టెంబరులో కన్నుమూశారు.

ఇప్పుడు చట్టం సంగతికి వద్దాం. 1989లో పార్లమెంటు షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. 1990 జనవరి 30న అది అమల్లోకి వచ్చింది. అంతకు ముందున్నది 1955 నాటి చట్టం. మొదట అస్పృశ్యతా నేరాల చట్టంగా వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకుంది. గుడిలోకి రానివ్వకపోవడం, హోటల్లో వేరే గ్లాసు పెట్టడం లాంటివి దాని పరిధి. ఊరంతా కలిసి ఒక పల్లె మీద పడి నరికితే ఏం చెయ్యాలన్నది అందులో లేదు. కొత్త చట్టం రావడానికి దేశమంతటా జరిగిన ఎన్నో ఘాతుకాలు, ఎన్నో ఉద్యమాలు కారణం. వాటిలో కారంచేడు ఒకటి.

ఆ చట్టం మూడో సెక్షన్‌లో నేరాల జాబితా ఉంది. షెడ్యూల్డ్ కులాలవాళ్లు మామూలుగా వాడుకునే ఊటను గానీ, చెరువును గానీ, మరే నీటివనరును గానీ పాడుచేసి పనికిరాకుండా చేయడం నేరం అని అందులో ఒక అంశం. వాళ్లను ఇల్లూ ఊరూ విడిచిపోయేలా చేయడం నేరం అని మరొక అంశం. ఢిల్లీలో ఆ వాక్యాలు రాసినవాళ్లు సువార్త పేరు విన్నారో లేదో నేను చెప్పలేను. కానీ ఆ నీళ్ల వాక్యం చదివిన ప్రతిసారీ నాకు కారంచేడు చెరువే కనిపిస్తుంది. ఆ సాయంత్రం ఆమె అడిగినప్పుడు అది ఊరి కట్టుబాటును ధిక్కరించడం. ఐదేళ్లు గడవకుండానే ఆమె అడిగిందే దేశం చట్టమైంది. సువార్తది నాయకత్వం కాకపోతే మరేది నాయకత్వం?

అలిసమ్మ పేరు కూడా చెప్పాలి. దుడ్డు అలిసమ్మ కారంచేడు కేసులో సాక్షి. కేసు తేలకముందే ఆమె ప్రాణం పోగొట్టుకుంది. తర్వాత కాలంలో హైదరాబాదులో దళిత స్త్రీలు తమ బృందానికి అలిసమ్మ పేరు పెట్టుకున్నారు. ఒక పల్లెటూరి సాక్షి పేరు ఆ బృందానికి పేరైంది. మనం ఎవరికి ఎలా నివాళి ఇవ్వాలో ఆ స్త్రీలు చేసి చూపించారు.

కారంచేడు కేసు కోర్టు మీద కోర్టు ఎక్కి, 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ల చొప్పున శిక్ష. అప్పటికి ఘటన జరిగి ఇరవై మూడేళ్లు. ఆరు ప్రాణాలకు ఆ శిక్ష సరిపోయిందని నేను అనుకోను. కానీ ఇరవై మూడేళ్ల పాటు ఆ కేసు చచ్చిపోకుండా నిలబెట్టింది ఎవరో ఆలోచించండి. వాయిదా వాయిదాకూ కూలి పోగొట్టుకుని వెళ్లినవాళ్లు. డబ్బు ఎరవేసినా, బెదిరించినా మాట మార్చనివాళ్లు.

చుండూరు దగ్గర ఈ సాక్షుల సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తెనాలి పక్కనే రైలు మార్గం మీద ఉన్న ఊరు అది. అక్కడి దళితవాడలో చదువుకున్నవాళ్లు, రైల్వే ఉద్యోగాలు చేసేవాళ్లు ఉన్నారు. ఆ తలెత్తుకు తిరగడమే కొందరికి కంటగింపైంది. సినిమా హాల్లో ఒక చదువుకున్న కుర్రాడి కాలు మరొకరికి తగలడంతో గొడవ మొదలైంది. తర్వాత సాంఘిక బహిష్కరణ. పనికి పిలవరు. చివరికి 1991 ఆగస్టు 6న, పోలీసులు ఊళ్లో ఉండగానే, పొలాల్లోకి పరుగెత్తినవాళ్లను వెంటాడి చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో కొమ్మెర్ల అనిల్ కుమార్ అనే యువకుడు ప్రాణం కోల్పోయాడు.

చుండూరు బాధితులు కారంచేడు నుంచి నేర్చుకున్నారు. చనిపోయినవాళ్లను ఊళ్లోనే పాతిపెట్టారు. ఆ చోటును రక్తక్షేత్రం అంటారు. ఏటా ఆగస్టు 6న అక్కడ నివాళి జరుగుతుంది. జాలాది మోజెస్ లాంటివాళ్లు ముందు నిలబడి ఊరిని కూడగట్టారు. వాళ్లు అడిగినవాటిలో ఒకటి ఈ దేశంలో అంతకు ముందు ఎవరూ సాధించనిది. విచారణ మా ఊళ్లోనే జరగాలి అన్నారు.

ఎందుకు అలా అడిగారో కాస్త వివరంగా చెబుతాను. కోర్టు జిల్లా కేంద్రంలో ఉంటే, సాక్షి ప్రతి వాయిదాకూ పని మానుకుని బస్సెక్కి వెళ్లాలి. తీరా వెళ్లాక వాయిదా పడిందంటారు. ఆరోజు కూలి పోయింది, బస్సు ఛార్జీ పోయింది. దారిలో, కోర్టు ఆవరణలో ముద్దాయిల మనుషులు ఎదురవుతారు. పది వాయిదాలు తిరిగేసరికి ఎంత గుండె ధైర్యమున్న మనిషికైనా విసుగు పుడుతుంది. కేసులు వీగిపోయేది చాలాసార్లు వాదనలో కాదు, ఆ బస్టాండుల్లో. అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు పెట్టొచ్చు. బాధితులు కోరితే పేరున్న న్యాయవాదిని ప్రత్యేక ప్రాసిక్యూటర్‌గా నియమించే వీలు 1995 నాటి నియమాల్లో ఉంది. చుండూరువాళ్లు ఈ రెండూ పట్టుబట్టి సాధించారు. తమకు నమ్మకమున్న బి. చంద్రశేఖర్ గారు ప్రాసిక్యూటరయ్యారు. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు నడిచింది. దేశంలో అదే మొదటిసారి.

అప్పటికి హత్యలు జరిగి పదేళ్లు పైబడింది. ఆ కోర్టులో సాక్షి నిలబడితే అడిగే ప్రశ్నలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు తెలుసు. నువ్వు ఎంత దూరంలో ఉన్నావు? అతని చేతిలో కర్ర ఉందా, గొడ్డలి ఉందా? మొదటి దెబ్బ ఎవరిది? ఆరోజు పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో ఈ ముక్క ఎందుకు లేదు? పదేళ్లకు పైబడిన ఒక ఉదయాన్ని, ప్రాణభయంతో పరుగెత్తిన ఉదయాన్ని, గజాల లెక్కన చెప్పమంటారు. ఒక్క మాట తడబడితే అబద్ధమంటారు. చెప్పేది ఎవరి గురించో, వాళ్లు అక్కడే ముద్దాయిల స్థానంలో ఉంటారు. సాయంత్రం ఇంటికెళ్లినా అదే ఊరు, అదే వీధి. అలాంటి చోట నిలబడి, వేలెత్తి చూపించి, పేరు పెట్టి చెప్పిన మనిషి ధైర్యం మైకు ముందు మాట్లాడే మా బోటివాళ్లకు ఎక్కడిది?

2007 జులై 31న ఆ కోర్టు తీర్పు చెప్పింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. ఆ తీర్పును 2014 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ముద్దాయిలందరూ విడుదలయ్యారు. బాధితులు అక్కడితో ఆగకుండా సుప్రీంకోర్టుకు వెళ్లారు. హైకోర్టు తీర్పు విన్నవాళ్లు చాలామంది, ఇంత చేసి ఏం లాభం అన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. గెలుపును శిక్షల లెక్కతో మాత్రమే కొలిస్తే చుండూరు ఓడినట్టే కనిపిస్తుంది. కానీ తమ ఇంటి గుమ్మం దాకా రాజ్యాంగాన్ని నడిపించుకొచ్చిన మనుషులు వాళ్లు. 2015లో అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు రెండు ముఖ్యమైన సంగతులు చేరాయి. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ నేరమైంది. బాధితుల హక్కులు, సాక్షుల హక్కులు అని ప్రత్యేకంగా ఒక అధ్యాయమే వచ్చింది. రక్షణ, ప్రయాణ ఖర్చు, కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకునే హక్కు. చుండూరువాళ్లు అంతకు ముందు మోసిన బరువులు ఇవే.

పౌరహక్కుల సంఘంలోనూ, తర్వాత మానవ హక్కుల వేదికలోనూ పనిచేసిన కె. బాలగోపాల్ గారి లాంటివాళ్లు ఇలాంటి ఊళ్లకు వెళ్లి, గుడిసె గుడిసె తిరిగి, నిజనిర్ధారణ నివేదికలు రాశారు. బాలగోపాల్ గారు లెక్కల ప్రొఫెసరు, ఆ తర్వాత వకీలు. ఆయన 2009 అక్టోబరులో పోయారు. ఆయన రాతల్లో పల్లెటూరి సాక్షి దయచూపించాల్సిన దీనుడిలా కనిపించడు, తన హక్కు తెలిసిన పౌరుడిలా కనిపిస్తాడు. మనమూ అలాగే చూడాలి.

ఇక మనం ఏం చెయ్యాలి? కారంచేడు తర్వాత తెలుగు పల్లెల్లో అంబేద్కర్ విగ్రహాలు వాడవాడలా లేచాయి. చందాలు వేసుకుని, కూలి డబ్బులు కూడబెట్టి నిలబెట్టుకున్న విగ్రహాలు అవి. వాటి విలువ నాకు తెలుసు. అయితే ఆ విగ్రహం నీడలో కూర్చునే ముసలమ్మ 1985లో శిబిరంలో ఉన్న మనిషి కావచ్చు. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. ఆ తరం ఇప్పుడు పండుటాకు వయసులో ఉంది. వాళ్లతో పాటే ఆ జ్ఞాపకమూ పోతుంది.

అందుకని ఈ ప్రసంగం వింటున్న ఉపాధ్యాయులకు నా విన్నపం. మీ బడి బాపట్ల జిల్లాలో ఉన్నా, మరెక్కడున్నా, మీ ఊళ్లోనూ ఒక సువార్త ఉండే ఉంటుంది. బావి దగ్గరో, హోటల్ దగ్గరో, కూలి రేటు దగ్గరో, మొదటిసారి ఇదేం పని అని అడిగిన మనిషి. ఆమెను, ఆయనను పిలిచి తరగతిలో కూర్చోబెట్టండి. పిల్లల చేత ప్రశ్నలు అడిగించండి. ఫోన్లో మాట రికార్డు చేసి, కాగితం మీదికి ఎక్కించి, తేదీ వేసి, బడి లైబ్రరీలో భద్రపరచండి. పంచాయతీ సభ్యులకు ఒక మాట. వీధికి పేరు పెట్టాల్సి వస్తే, ఎప్పుడూ ఊరు చూడని పెద్దల పేర్లతో పాటు ఈ ఊళ్లో పుట్టి నిలబడ్డవాళ్ల పేరూ తలచుకోండి. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకూ ఇదే చెబుతున్నాను. చీరాల-పేరాల పాఠం పక్కన కారంచేడు శిబిరానికి ఒక్క పేజీ ఇవ్వండి. ఊళ్లోనే కోర్టు పెట్టించిన చుండూరు సాక్షులకు ఇంకో పేజీ ఇవ్వండి.

వచ్చే జులై 17 లోపు మీ ఊరి పెద్దవాళ్లలో కనీసం ఒకరి మాట రికార్డు చేయండి.